అమ్మగారి మందు చీటీ: ఏ మాత్ర ఎప్పుడు?

అమ్మగారికి ఇంగ్లీషు రాదని, చీటీలో 1-0-1, ఓడీ, హెచ్‌ఎస్ చూసి తికమకపడుతున్నారని రాశారు కదండీ. 1-0-1లో వరుస ఉదయం, మధ్యాహ్నం, రాత్రి. సున్నా ఉన్న పూట మాత్ర లేదు. ఓడీ అంటే రోజుకొకసారి, బీడీ రెండుసార్లు, హెచ్‌ఎస్ పడుకునే ముందు, ఎస్‌ఓఎస్ అవసరమైతేనే.

మీ జాబితాలో నాకు భయం కలిగించింది మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి అది వారానికి ఒక్కరోజే వాడాలి. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. వారంలో ఏ రోజు వేసుకోవాలో డాక్టరు చేతే చీటీ మీద రాయించండి. ఆ స్ట్రిప్పును రోజువారీ మందుల డబ్బాలో మాత్రం పెట్టకండి. దాంతోపాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ కూడా చాలాసార్లు చిన్న పసుపు మాత్రే, ఒకదానికొకటి మారిపోతాయి.

థైరాయిడ్ మాత్ర పరగడుపున, నీళ్లతోనే. కాఫీ కనీసం అరగంట ఆగి. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ పేరు పక్కన ఎస్‌ఆర్ (మందు నెమ్మదిగా విడుదలయ్యే రకం) అని ఉంటే నలగ్గొట్టకూడదు.

మందుల కవర్ల మీద తెలుగులో "పొద్దున టిఫిన్ తర్వాత" అని పెద్దక్షరాలతో రాయండి. తర్వాత ఏది ఎప్పుడో అమ్మగారినే చెప్పమనండి. "అర్థమైందా?" అని అడిగితే పెద్దవాళ్లు మొహమాటానికి ఊ అనేస్తారు.