గ్రానైట్ క్వారీ మొదటి పెట్టుబడి: యంత్రాల కంటే ముందు మట్టి లెక్క వేయండి

చీమకుర్తి వైపు 4 హెక్టార్ల లీజు రాబోతోంది, రెండు పొక్లెయిన్లు, నాలుగు టిప్పర్లకు బ్యాంకు లోను పెడుతున్నాను, మొత్తం ఎంత కావాలి, ఖర్చు ఎక్కడ తగ్గుతుంది అని మీరు అడిగారు. నేను ఫోర్‌మన్‌గా, తర్వాత మేనేజరుగా ప్రకాశం జిల్లా క్వారీల్లోనే పనిచేశాను. యంత్రాల జాబితా కాసేపు పక్కన పెట్టండి. మొదటి బ్లాకు (అమ్మకానికి కోసిన పెద్ద రాతి దిమ్మ) అమ్మిన డబ్బు చేతికొచ్చేలోపు ఎంత మట్టి తీయాలి, ఎన్ని నెలలు పడుతుంది? ఈ రెండూ తేలితే మిగతా అంకెలు వాటి వెంటే వస్తాయి.

అడుగున రాయి కోయడానికి 40×50 మీటర్ల చోటు కావాలి, పైన 8 మీటర్ల మట్టి, మెత్తరాయి ఉన్నాయి అనుకుందాం. ప్రాజెక్టు రిపోర్టులో మూడూ గుణించి 16,000 క్యూబిక్ మీటర్లు అని రాసేస్తారు. కానీ గోడ నిలువుగా కోస్తే కూలుతుంది, నిబంధనలూ ఒప్పుకోవు. ప్రత్యేక అనుమతి లేకుంటే మట్టిలో బెంచి (మెట్టు) ఎత్తు 1.5 మీటర్లు దాటకూడదు, వెడల్పు ఎత్తుకు తగ్గకూడదు. అంటే దాదాపు 45 డిగ్రీల వాలు. పై అంచు నాలుగు వైపులా 8 మీటర్లు వెనక్కి పోతుంది, తీయాల్సిన మట్టి 22,400 దాకా వస్తుంది. తవ్వాక మట్టి పొంగుతుంది కాబట్టి ఇంకో పాతిక శాతం వేసుకుంటే 28,000. టిప్పరుకు 14 క్యూబిక్ మీటర్లు పట్టినా 2,000 ట్రిప్పులు. కన్సల్టెంట్లకు ఇది తెలియక కాదు, లోను ఫైలు అందంగా కనబడాలి కదా!

ఆ 8 మీటర్లు నిజమో కాదో తెలుసుకోవడానికి మొదట పైసా ఖర్చు పెట్టక్కర్లేదు. చుట్టుపక్కల పొలాల్లో బోర్లు వేసినవాళ్లను కేసింగ్ (బోరులో దించే పైపు) ఎన్ని అడుగులు దిగిందో అడగండి. కేసింగ్ గట్టిరాయి తగిలేదాకానే దించుతారు. పక్క క్వారీల గోడలు చూస్తే పగుళ్లు ఎటు పోతున్నాయో కూడా తెలుస్తుంది. ఆ తర్వాత కోర్ డ్రిల్లింగ్ (లోపలి రాయిని కడ్డీలా బయటికి తీసి చూసే బోరు) మాత్రం చేయించండి, అక్కడ పిసినారితనం వద్దు. మట్టి తక్కువగా, పగుళ్లు దూరదూరంగా ఉన్న మూల దొరికితే అక్కడే మొదలుపెట్టండి. 8 మీటర్లు 5 మీటర్లయితే పై లెక్క దాదాపు సగానికి పడిపోతుంది.

మట్టి తీత కాంట్రాక్టుకే ఇవ్వండి. గంట లెక్కన వద్దు, ట్రిప్పు లెక్కన అసలే వద్దు. నేను పనిచేసిన ఒక చోట ట్రిప్పు చీట్లు కలిపితే వచ్చిన మట్టికీ, సర్వేయరు గొయ్యి కొలిస్తే తేలిన మట్టికీ పొంతనే లేదు. సగం నిండిన టిప్పరుకూ చీటీ ఒకటే. పని మొదలుకాక ముందు ఒకసారి, ప్రతి నెలాఖరున ఒకసారి లెవెల్స్ (నేల ఎత్తుపల్లాల కొలతలు) తీయించి, గొయ్యి కొలత మీదే బిల్లు అని ఒప్పందంలో రాసుకోండి. డీజిల్ ఎవరిదో కూడా అందులోనే తేల్చుకోండి.

మట్టి పోసే చోటు ఇంకో పెద్ద ఖర్చు. లీజు చదరంగా 200×200 మీటర్లు ఉందనుకున్నా, సరిహద్దు చుట్టూ 7.5 మీటర్లు వదలాలి, తవ్వడానికి మిగిలేది 3.42 హెక్టార్లే. తొందరలో మంచి రాయి మీదే డంపు పోసి, నాలుగేళ్లకు దాన్నే మళ్లీ ఎత్తి ఇంకోచోట పోసినవాళ్లను చూశాను. గ్రావెల్‌ను మీ క్వారీ రోడ్డుకు వాడుకోండి. బయట అమ్మాలంటే పర్మిట్, సీనరేజి (తీసిన ఖనిజానికి ప్రభుత్వానికి కట్టే రుసుము) ఉంటాయి.

పర్యావరణ అనుమతి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు, సర్టిఫికెట్ ఉన్న ఫోర్‌మన్, మేటు (కూలీల పని చూసేవాడు), బ్లాస్టరు జీతాలు ఎటూ తప్పవు. లీజు దస్తావేజు అయ్యాక రాయి వచ్చినా రాకపోయినా డెడ్ రెంటు (లీజుకు ప్రభుత్వానికిచ్చే కనీస అద్దె) కట్టాలి. అందుకే అనుమతులు, కరెంటు దరఖాస్తు ముందే కదిలించండి, జనరేటర్ మీద కంప్రెసర్ నడిపితే డీజిల్ బిల్లు చూసి టెన్షన్ వస్తుంది. మనకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో పడతాయి కాబట్టి మట్టి పని జనవరిలో మొదలుపెడితే నీళ్లు తోడే ఖర్చు చాలా తగ్గుతుంది.

పై బెంచీల్లో పగుళ్లు ఎక్కువ, అమ్ముడుపోయే బ్లాకులు తక్కువ. రిపోర్టులో మొదటి రోజు నుంచే సగటు రికవరీ (తవ్విన రాయిలో అమ్ముడుపోయే వంతు) వేసుంటే కొట్టేసి, మొదటి ఏడాదికి అందులో సగం పెట్టి చూడండి. జీతాలు, డీజిల్, వైర్‌సా (రాయి కోసే యంత్రం) తీగకు ఆరు నెలల డబ్బు విడిగా ఉంచండి.

సెకండ్ హ్యాండ్ పొక్లెయిన్ సంగతి కూడా అడిగారు. బ్లాకులు వరసగా కదలడం మొదలయ్యాక ఒక్కటి కొనండి, చాలు. గంటల మీటరును నమ్మకండి. మీ మెకానిక్‌ను వెంట తీసుకెళ్లి అండర్‌క్యారేజ్ (కింది చైన్ల భాగం), హైడ్రాలిక్ పంపు చూపించండి, బండిని లోడుతో గంటసేపైనా నడిపించాకే బేరం మాట్లాడండి.