లెస్బియన్ రచయిత్రులు రాసిన సైన్స్ ఫిక్షన్ ఎలా వెతకాలి?

మీరు 'లెస్బియన్' అనే ట్యాగ్‌తో ఎంత వెతికినా మామూలు ప్రేమకథలే వస్తున్నాయంటే కారణం ఆ ట్యాగే. అది పాత్రల్ని చూసి పెట్టేది, రాసిందెవరో చెప్పదు.

1. రచయిత్రుల పేర్లతో వెతకండి: జోఆనా రస్, జ్యూవెల్ గోమెజ్, నికోలా గ్రిఫిత్. ముగ్గురూ తాము లెస్బియన్లమని బాహాటంగా చెప్పినవాళ్లే. తనంతట తాను చెప్పని రచయిత్రిని ఊహించి జాబితాలో వేసుకోకండి, అది అన్యాయం.

2. చాలామంది వదిలేసేది ఇదే: అట్ట వెనక రాతతో ఆగిపోకుండా, మొదటి పేజీలు శాంపిల్ తెరిచి చదవండి. పాత పుస్తకాల అట్ట మీద 'లెస్బియన్' అన్న మాటే ఉండకపోవచ్చు. రస్ కథ 'వెన్ ఇట్ చేంజ్‌డ్' (1972) కథ చెప్పే మనిషి తన భార్య కేటీ కారు తోలే తీరు చెప్పడంతో మొదలవుతుంది. చెబుతున్నదీ ఆడమనిషేనని కాసేపటికి గానీ తెలియదు. మగవాళ్లు లేని గ్రహం అది. ఆ పెళ్లికి ఎవరూ సంజాయిషీ ఇచ్చుకోరు. నాకు చాలా ఇష్టమైన కథ.

3. ప్రేమికులిద్దరిలో ఒకరు చనిపోయే ముగింపు వద్దనుకుంటే గ్రిఫిత్ నవల 'అమ్మోనైట్'తో మొదలుపెట్టండి. రక్తపిశాచాల కథలు పర్వాలేదనుకుంటే తర్వాత గోమెజ్ 'ద గిల్డా స్టోరీస్' (1991).