విత్తనానికి ఒక్క సొరకాయ వదిలెయ్

అమ్మలూ,

సొర విత్తనం ఇంట్లోనే తీసుకుంటానన్నావు కదా, ముందు ఒకటి చూడు. నువ్వు పాతిన గింజల ప్యాకెట్ మీద హైబ్రిడ్ అనో ఎఫ్1 అనో ఉంటే దాని జోలికి పోకు. వాటి గింజలూ మొలుస్తాయి గానీ, ఒక్కో పాదు ఒక్కో తీరుగా కాస్తుంది. నాటురకమైతేనే నీ కష్టానికి ఫలితం.

బీర పక్కనే ఉందని టెన్షన్ పడకు, దాని పుప్పొడి సొరకు పనిచేయదు. తంటా అంతా వేరే రకం సొరతోనే. నీది పొడుగు సొరై, దగ్గర్లో గుండ్రటి సొర ఉంటే ఈ ఏడు కాయ మామూలుగానే ఉంటుంది, తేడా వచ్చే ఏడు పాదుకి తెలుస్తుంది. అందుకే పురుగులకి వదలకుండా చేత్తో కలపాలి.

సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. మధ్యాహ్నమే పందిరి కింద నిలబడి, కొన తెల్లబడి ఇవాళ సాయంత్రం విచ్చుకునేలా ఉన్న మొగ్గలు వెతుకు. కింద వేలెడు పిందె ఉన్నది ఆడది, ఉత్త కాడ మీద నిలబడేది మగది. రెండింటి మూతీ దారంతో వదులుగా కట్టెయ్. పొద్దు వాలాక మగపువ్వు కోసి, రేకులు తుంచేసి, ఆ పొడి ఆడపువ్వు మధ్యలో జిగటగా ఉండే చోట మెల్లగా రుద్దు, మళ్లీ ఆడపువ్వు రేకులు మూసి కట్టెయ్. మగపువ్వు అదే రకానిదే అయినా వేరే పాదుది అయితే ఇంకా మంచిది.

కాడకి ఎర్రగుడ్డ కట్టడం మాత్రం మర్చిపోకు! నేనోసారి బద్ధకించాను, కష్టపడి కాపాడిన కాయని మా ఇంట్లోవాళ్లు లేతగా ఉందని కోసేశారు, ఎవర్ని తిట్టను?

ఇక ఆ కాయని సుమారు రెండు నెలలు తీగ మీదే ఉంచు. కూరకాయ ముదురుకీ విత్తనం ముదురుకీ చాలా తేడా ఉంది, పెంకు చెక్కలా గట్టిపడి, ఊపితే గింజలు గలగలమనాలి. ఆ పాదు లేతకాయ ఒకటి కోసి చిన్న ముక్క నాలుకకి తగిలించి చూడు, చేదుంటే ఉమ్మేసి ఆ పాదు గింజ మొత్తం పారెయ్, చేదు సొర ఒంటికి ప్రమాదం.

గింజలు నీడలో ఆరబెట్టి, వంచితే పుటుక్కున విరిగేదాకా ఆగి, గాజు సీసాలో పెట్టు. విత్తే ముందు పది గింజలు తడిగుడ్డలో చుట్టి చూడు, ఏడెనిమిది మొలకెత్తితే ధైర్యంగా పాతెయ్, మూడే వస్తే గుంటకి నాలుగేసి వెయ్.

మీ పెదనాన్న