చెక్క ఓడ నమూనా కడుతున్నారా? మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న (నల్లగొండ): మూడు స్తంభాల ఓడ కిట్ మొదలువెట్టిన. మొదటి పొర పట్టీలు అంటిస్తుంటే ముందు మొన కాడ ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నయి. వెనక దిక్కు మాత్రం సందులు వడుతున్నయి. పట్టీలన్నీ 5 మి.మీ. వెడల్పే. తప్పు నాదా, కిట్‌దా సార్?

జవాబు: కిట్‌ది కాదు. ఓడ పొట్ట దగ్గర చుట్టుకొలత ఎక్కువ, మొన దగ్గర తక్కువ. ఒకే వెడల్పు పట్టీ రెండుచోట్లా సరిపోదు. కిట్‌లో పట్టీలు మొదట్నుంచి చివరి దాకా ఒకే వెడల్పుతో ఇస్తారు, సన్నం చేసుకోవడం మన పని. సూచనల పుస్తకాలు చాలావరకు ఈ ముక్కను ఒక్క వాక్యంలో దాటేస్తాయి. తంటా అంతా అక్కడే.

కాగితపు పట్టీ ఒకటి తీసుకుని, నడిమి బల్క్‌హెడ్ (ఓడ ఆకారాన్ని నిలిపే అడ్డపలక) అంచు వెంట డెక్ (పైతలం) నుంచి కీల్ (అడుగున ఉండే వెన్నుపలక) దాకా కొలవండి. 120 మి.మీ. వచ్చిందనుకుందాం. 5 మి.మీ. పట్టీలు 24 పడతాయి. అదే కొలత మొదటి బల్క్‌హెడ్ దగ్గర 78 వస్తే, 24తో భాగించండి: 3.25. అంటే ప్రతి పట్టీ నడుమ 5 ఉండి, మొన చేరేసరికి 3.25కి తగ్గాలి. బల్క్‌హెడ్ బల్క్‌హెడ్‌కీ ఇలా లెక్కకట్టి అంచుల మీద పెన్సిల్ గుర్తులు పెట్టుకోండి. పట్టీని స్టీలు స్కేలుకు ఆనించి కత్తితో కోసి, చిన్న చిత్రికతో అంచు సాపు చేయాలి.

దీనికి ఒక హద్దుంది. సగం వెడల్పు కన్నా సన్నం చేయొద్దు, కొస చీలుతుంది, జిగురుకు చోటుండదు. మొన దగ్గర లెక్క 2.25 వచ్చిందంటే, రెండు పట్టీలను కాస్త వెనకే ఆపేసి, అక్కడినుంచి ఒకే పట్టీని మొన దాకా సాగనివ్వాలి. వెనక దిక్కు వ్యవహారం తిరగబడుతుంది. అక్కడ 138 వస్తే ఒక్కో పట్టీకి 5.75 కావాలి, మన దగ్గరున్నది 5. ఆ లోటును మొనదేలిన ముక్కలు ఇరికించి పూడ్చాలి. స్టీలర్ అనేది దీన్నే. మొదటి పొర ఎలాగూ రెండో పొర కింద కప్పబడిపోతుంది కాబట్టి ఇక్కడ అందం చూడనక్కర్లేదు. రెండో పొరకు ఇది మంచి సాధన.

పట్టీలు ఒకదాని మీద ఒకటి ఎక్కడానికి రెండో కారణం కూడా ఉండొచ్చు. బల్క్‌హెడ్లను లేజర్‌తో కోస్తారు, అంచు నిటారుగా ఉంటుంది. మొన దగ్గర పట్టీ ఆ అంచును వాలుగా దాటుతుంది. అంచుకు ఆ వాలు పెట్టకపోతే పట్టీ ఒక్క గీత మీదే ఆనుతుంది. 120 నంబరు ఇసుక కాగితాన్ని సన్నని చెక్కకు అంటించి, రెండు మూడు బల్క్‌హెడ్లను కలిపి ఒకేసారి అరగదీయండి. లేజర్ కాల్చిన నలుపే మీకు గుర్తు: ముందు సగంలోని బల్క్‌హెడ్లకు ముందు అంచు నలుపు పోవాలి, వెనక అంచున సన్నని నల్లగీత మిగలాలి. వెనక సగంలో దీనికి తలకిందులు. తర్వాత ఒక పట్టీని కనీసం మూడు బల్క్‌హెడ్ల మీద పరిచి, వెనక టార్చి పెట్టి చూడండి. వెలుతురు కనిపిస్తే ఇంకా పనుంది. ఈ మెట్టు దాటేసిన ఓడలను దూరం నుంచే పోల్చుకోవచ్చు, బక్కెద్దు పక్కటెముకల్లా బల్క్‌హెడ్లు తేలి కనిపిస్తాయి.

ఒక పక్కంతా అంటించి రెండో పక్కకు పోవద్దు. కీల్ అటే వంగుతుంది, మళ్లీ నిటారు కాదు. కుడికి రెండు పట్టీలు, ఎడమకు రెండు.

ప్రశ్న (మిర్యాలగూడ): వానకాలంలో అంటించిన పట్టీలు మే నెలలో విడిపోయి సందులు వచ్చినయి. జిగురు ఖరాబైందా?

జవాబు: జిగురు మీద నెపం వేయకండి. చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. ఈ మార్పు పొడవులో లెక్కలోకి రానంత తక్కువ, దాదాపు అంతా వెడల్పులోనే. పట్టీలు పక్కపక్కన ఉంటాయి కాబట్టి కుంచించుకుపోయిందంతా సందుల్లో తేలుతుంది. మన దగ్గర ఎండాకాలం గాలి ఎంత పొడిగా ఉంటుందో తెలిసిందే. దానికితోడు కూలర్. కూలర్ నడిచినంతసేపు గదిలో తేమ, ఆపితే మళ్లీ పొడి. ఓడ ఉన్న గదిలో ఫ్యాను చాలు.

కిట్ తెరవగానే పట్టీల కట్టను ప్లాస్టిక్‌లోంచి తీసి, పని చేసే గదిలోనే రెండు వారాలు వదిలేయండి. తడిసిన పట్టీని అంటించడం అసలు తప్పు. 1.5 మి.మీ. పట్టీని వేడినీళ్లలో 15–20 నిమిషాలు నానబెట్టి, మొన వంపుకు బట్టల క్లిప్పులతో బిగించి, రాత్రంతా ఆరనిచ్చి, మర్నాడు జిగురు పెట్టాలి. రెండో పొర వాల్‌నట్ (అక్రోటు చెక్క) పట్టీ అర మిల్లీమీటరే ఉంటుంది, చాలాచోట్ల నానబెట్టకుండానే వంగుతుంది.

ఇప్పుడొచ్చిన సందుల్లో అదే చెక్క చీలికలు దూర్చి, మిగిలిన సన్న గీతలను రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపిన లప్పంతో పూడ్చండి. ఇది మొదటి పొరకే. రెండో పొర మీద ఆరిన ఫెవికాల్ ఎక్కడుంటే అక్కడ పాలిష్ పట్టదు, తెల్లమచ్చగా మిగిలిపోతుంది.

ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూ సంగతి వేరు. అది గట్టిపడేదే తేమతో. మే నెలలో ఆలస్యం చేస్తుంది, వానాకాలంలో చిటికెలో పట్టేసి చుట్టూ తెల్లటి పొగమచ్చ వదులుతుంది. సీల్ తీయని ట్యూబును ఫ్రిజ్‌లో పెట్టొచ్చు. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా మూత తీయొద్దు, లోపల చెమ్మ పడితే మొత్తం గడ్డకడుతుంది.

ప్రశ్న (జడ్చర్ల): విరిగిన పట్టీల బదులు వడ్రంగి దగ్గర టేకు చీల్పించి వాడొచ్చా?

జవాబు: మొదటి పొరకు వాడొచ్చు. టేకులో నూనె ఉంటుంది, అంటించే ముందే ఇసుక కాగితంతో రుద్ది తాజా ముఖం బయటపెట్టాలి. పైపొరకు వద్దు. టేకు రంధ్రాలు పెద్దవి, 1:72 కొలతలో (అసలు ఓడలో 72వ వంతు) తాళ్లంత లావు కనిపిస్తాయి. అసలు ఓడలకైతే టేకును మించింది లేదు: 1817లో బొంబాయిలో టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక ఇంగ్లండులోని హార్ట్‌లీపూల్‌లో ఇప్పటికీ నీళ్లమీదే ఉంది. పట్టీల మీద చెక్కమేకుల గుర్తులు కావాలంటే అగరుబత్తి వెదురు పుల్లలను సన్నగా గీకి వాడండి.

ప్రశ్న (మహబూబ్‌నగర్): మొదటి కిట్‌గానే విక్టరీ కొనాలనుంది.

జవాబు: 104 ఫిరంగుల బ్రిటిష్ యుద్ధనౌక అది. ఒక ఫిరంగి బండి ఎంత పనో, అంత పని అన్నిసార్లు. 1:72లో పొడవు 1.3 మీటర్లు దాటుతుంది, అద్దాల పెట్టె అంతకన్నా పెద్దది. ముందు ఒక స్తంభం ఉన్న చిన్న ఓడ, రెండు పొరల పట్టీలున్నది, కట్టి చూడండి.

ప్రశ్న (నారాయణపేట): తాళ్ల నిచ్చెనలు కడుతుంటే ష్రౌడ్ తాళ్లు (స్తంభాన్ని రెండు పక్కల గుంజి పట్టేవి) నడుమ లోపలికి గుంజుకుపోతున్నయి. కిట్ దారం బదులు మా మగ్గం నూలు వాడొచ్చా?

జవాబు: మగ్గం మీది ఒంటిపోగు నూలు వద్దు. గంజి బలం మీద నిలిచే పోగు అది, గంజి పోతే నూగు లేస్తుంది. గట్టిగా పేనిన పాలిస్టర్ దారం మేలు, తేమకు పెద్దగా సాగదు, బిగుసుకోదు. ఏ దారమో తెలియకపోతే కొస కాల్చండి: నూలైతే బూడిద, పాలిస్టరైతే కరిగి గుండు కడుతుంది. స్తంభాన్ని నిలబెట్టే తాళ్లకు ముదురు రంగు, తెరచాపలను నడిపే తాళ్లకు లేత రంగు. కట్టే ముందు దారాన్ని తేనెమైనం మీద ఒకసారి లాగండి.

నడుమ గుంజుకుపోవడానికి కారణం బిగింపే. రాట్‌లైన్ తాడు, అంటే నిచ్చెన మెట్టు, ష్రౌడ్‌కు ఆనితే చాలు, లాగకూడదు. అట్టముక్క మీద 5 మి.మీ. ఎడంతో గీతలు గీసి ష్రౌడ్ల వెనక క్లిప్పుతో పెట్టండి. 1:72కు ఆ ఎడం సరిపోతుంది. నడిమి ష్రౌడ్లకు క్లోవ్ హిచ్ (రెండు చుట్ల) ముడులు, చివరి రెంటికి మామూలు ముడి. ప్రతి పదో వరసకు ఓసారి ష్రౌడ్ల మధ్య దూరం కొలిచి చూడండి. ష్రౌడ్లను కూడా కుడికో జత, ఎడమకో జత కట్టాలి, లేకుంటే స్తంభం ఒరుగుతుంది. కింది డెడ్‌ఐకీ (ష్రౌడ్‌ను బిగించే రంధ్రాల గుండ్రటి చెక్క) పైదానికీ మధ్య దూరం అన్నిటికీ ఒకటే రావడానికి హెయిర్‌పిన్ లాగా వంచిన 1 మి.మీ. తీగను రెండింటి రంధ్రాల్లో దూర్చి, ష్రౌడ్ కట్టాక తీసేయండి.

ముడి మీద సూపర్ గ్లూ సూదిమొనతో చిన్న చుక్కే పెట్టండి. కారిన గ్లూను దూదితోనో నూలుగుడ్డతోనో తుడవొద్దు, నూలు తగిలితే అది ఉన్నట్టుండి వేడెక్కి వేలు కాలుస్తుంది.