రాజ్‌దూత్ 350: హై టార్క్ ఇంజినా, లో టార్క్ ఇంజినా?

ప్రశ్న: మా చిన్నబాపు నడిపిన 1986 నాటి రాజ్‌దూత్ 350 మా ఇంట్లో ఉన్నది. ఆర్‌సీ రెన్యువల్ అయింది కానీ ఏండ్ల తరబడి వానకు తడిసి ఇంజిన్ పాడైపోయింది. కాజీపేటలో ఒక హై టార్క్ ఇంజిన్, కరీంనగర్‌లో ఒక లో టార్క్ ఇంజిన్ అమ్మకానికి ఉన్నాయి. మొదటిదానికి ఇరవై అయిదు వేలు ఎక్కువ అడుగుతున్నారు. రోజూ ఊళ్లో తిరగడానికి, నెలకు ఒకటి రెండుసార్లు ములుగు మీదుగా రామప్ప, లక్నవరం పోయి రావడానికి ఏది మేలు? – ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: ఈ రెండూ ఒక్క తల్లి బిడ్డలే. యమహా ఆర్‌డీ 350 నమూనాతో ఎస్కార్ట్స్ కంపెనీ 1983లో ఈ బండిని మన దేశంలో తెచ్చింది. గాలితో చల్లబడే 347 సీసీ టూ స్ట్రోక్ ఇంజిన్, రెండు సిలిండర్లు, ఆరు గేర్లు. జపాన్ బండిలో 39 హార్స్‌పవర్ ఇచ్చిన ఈ ఇంజిన్‌ను ఇక్కడి పెట్రోల్ ఖర్చును దృష్టిలో పెట్టుకొని మొదట 30.5కు, మైలేజీ ఇంకా చాలడం లేదని తర్వాత 27కు తగ్గించారు. టార్క్ అంటే ఇంజిన్ తిప్పే బలం; ముందు వచ్చినదానికి హై టార్క్ అని, తర్వాతదానికి లో టార్క్ అని పేర్లు స్థిరపడ్డాయి. తేడా ప్రధానంగా సిలిండర్ పోర్టుల్లోను (గాలి, పొగ వచ్చిపోయే రంధ్రాలు), సైలెన్సర్లలోను ఉంటుంది.

మీరు చెప్పిన వాడకానికి లో టార్క్ ఇంజినే సరిపోతుందని నా అభిప్రాయం. హన్మకొండ చౌరస్తాలో ఆగుతూ కదులుతూ పోయే బండికి ఆ మూడున్నర హార్స్‌పవర్ అక్కరకు రాదు. ములుగు రోడ్డు మీద అది అందినా, దాన్ని ఆపవలసినది ముందు చక్రంలోని డ్రమ్ బ్రేకే. జపాన్ బండికి ఉన్న డిస్క్ బ్రేకు మన రాజ్‌దూత్‌కు రాలేదు. పేరులో 'లో' అన్న మాట చూసి చాలామంది ఈ ఇంజిన్‌ను చిన్నచూపు చూస్తారు. అది అన్యాయం. ఎక్సలేటర్ తిప్పితే ఇదీ ఉత్సాహంగానే పరుగెత్తుతుంది.

అయితే పేరు కన్నా ముందు చూడవలసినది క్రాంకు, అంటే పిస్టన్ల కదలికతో గుండ్రంగా తిరిగే ఇరుసు. ఒక ఇంజిన్ సిలిండర్లు మరో ఇంజిన్ మీద బిగించినవి చాలా తిరుగుతున్నాయి కనుక, అమ్మేవారు చెప్పిన పేరు సగం మాత్రమే నమ్మండి. సిలిండర్లు ఊడదీయించి, పిస్టన్‌ను క్రాంకుకు కలిపే ఒక్కొక్క కనెక్టింగ్ రాడ్‌ను పట్టుకొని నిలువుగా పైకీ కిందికీ లాగి చూడండి. పక్కలకు కొంచెం కదిలితే భయం లేదు; నిలువుగా ఏ మాత్రం టక్కుమన్నా ఆ రాడ్ క్రాంకుకు తగిలే చోట ఉండే బిగ్ ఎండ్ బేరింగ్ అరిగినట్టే. క్రాంకు విప్పి మళ్లీ సరిగ్గా కూర్చగల లేతు పనివారు ఇప్పుడు అరుదు, కాబట్టి ఆ ఖర్చును ధరలోంచి తగ్గించమని నిస్సంకోచంగా అడగండి.

ఆ తర్వాత సీళ్లు, అంటే క్రాంకు రెండు చివర్లా గాలి, ఆయిల్ చొరబడకుండా ఆపే రబ్బరు రింగులు. కుడి వైపు, అంటే క్లచ్ వైపు సీలు పోతే గేర్ ఆయిల్ లోపలికి లాగబడి, ఆ వైపు సైలెన్సర్ నుంచి ఆగకుండా తెల్లటి పొగ వస్తుంది. అది కంటికి కనబడుతుంది. ఎడమ వైపు, డైనమో వెనక ఉన్న సీలు పోవడం మరింత ప్రమాదం. ఏ పొగా లేకుండా బయటి గాలి లోపలికి చేరి, పెట్రోల్ పాలు తగ్గి, మన ఓరుగల్లు మే నెల ఎండలో నాలుగో గేరులో పోతూ ఉండగా పిస్టన్ సిలిండర్ లోపలి గోడకు పట్టేస్తుంది. ఎన్నో ఏండ్లు మూలన పడి ఉన్న ఇంజిన్‌లో ఈ రబ్బరు గట్టిపడి ఉంటుంది కనుక, ఏ ఇంజిన్ కొన్నా రెండు సీళ్లనూ మార్చిన తర్వాతే కిక్ కొట్టండి.

ఈ పరీక్షలో హై టార్క్ ఇంజిన్ నెగ్గి, లో టార్క్ ఓడితే, ఆ ఇరవై అయిదు వేలు పెట్టడంలో తప్పు లేదు. ఏది తీసుకున్నా ఇంజిన్ నంబరు మారుతుంది. కొన్న రసీదుతో రవాణా శాఖ కార్యాలయంలో అనుమతి తీసుకొని ఆర్‌సీలో మార్పించుకోండి.

ప్రశ్న: నా రాజ్‌దూత్ 350కి మెకానిక్ ఆయిల్ పంపు తీసేసి, పెట్రోల్‌లోనే 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్లకు వాడే ఆయిల్) కలపమన్నాడు. ఇది మంచిదేనా? – ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: నడుస్తుంది, కానీ నేను ఒప్పుకోను. పంపు ఉంటే ఇంజిన్ వేగాన్నీ ఎక్సలేటర్‌నూ బట్టి ఆయిల్ అందుతుంది. పెట్రోల్‌లో కలిపినప్పుడు, వేగంగా పోతూ ఎక్సలేటర్ పూర్తిగా వదిలితే పెట్రోల్‌తో పాటు ఆయిల్ కూడా దాదాపు ఆగిపోతుంది, ఇంజిన్ మాత్రం అదే వేగంతో తిరుగుతూ ఉంటుంది. పంపు పాడైతే బాగు చేయించి మళ్లీ పెట్టించండి. పెట్టిన రోజు పైపులోని గాలి బుడగలన్నీ తీయించి, మొదటి ట్యాంకు పెట్రోల్‌లో మాత్రం కొంచెం ఆయిల్ కలిపి నడపండి.