రెండో ఆల్బమ్ దాకా: ఒక యువ రచయిత్రికి లేఖ

ప్రియమైన చెల్లెమ్మకు,

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన మూడు వ్యాసాలు అందాయి. జవాబు ఆలస్యమైంది. నువ్వు రాసిన మూడు బ్యాండ్ల పాటలూ వినకుండా నీ రాత గురించి మాట్లాడటం న్యాయం కాదనిపించింది. వినడానికి వారం పట్టింది.

నీ ఉత్తరం చివర ఒక మాట రాశావు. ఈ బ్యాండ్ గురించి ఇంతవరకూ ఎవరూ రాయలేదు, నాకంటే ముందు ఇంకెవరైనా రాసేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది అని. ముందుగా ఆ టెన్షన్ సంగతే మాట్లాడాలి. రాత్రి రెండింటికి పాట విని, మూడింటికల్లా రాసేసి, తెల్లారగానే ఇంకెవరైనా రాశారా అని వెతికిన రోజులు నాకూ ఉన్నాయి. ఆ హడావిడిలో రాసినవి ఈమధ్య మళ్లీ తీసి చదివాను. వాటిలో పాట లేదు. నేను ముందు విన్నానన్న సంబరమే ఉంది.

నువ్వింకా పలక పట్టని రోజుల్లో అమెరికా, కెనడా, బ్రిటన్‌లలో ఒక కొత్త పద్ధతి మొదలైంది: నచ్చిన పాటనూ, దాని గురించి నాలుగు మాటలనూ సొంత బ్లాగులో పెట్టడం. అంతకుముందు పేరులేని బ్యాండ్ నలుగురికీ వినపడాలంటే లేబుల్, అంటే రికార్డులు వేసి అమ్మే కంపెనీ కావాలి, లేకపోతే రేడియోలో ఎవరో ఒక మనసున్న మనిషి దొరకాలి. బీబీసీ రేడియో 1లో జాన్ పీల్ అలాంటి మనిషి. 1967 నుంచి 2004లో చనిపోయేదాకా ఆయన ఊరూపేరూ తెలియని కుర్రాళ్ల పాటలు వేస్తూనే ఉన్నారు. 1978లో ఉత్తర ఐర్లాండ్‌లోని డెర్రీ పట్టణానికి చెందిన అండర్‌టోన్స్ అనే కొత్త బ్యాండ్ పాట వేసి, అది అయిపోగానే మళ్లీ అదే పాట వేశారు. ఆ రెండోసారిని గుర్తుపెట్టుకో, మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

2002లో మాథ్యూ పెర్పెటువా అనే యువకుడు న్యూయార్క్‌లో ఫ్లక్స్‌బ్లాగ్ మొదలుపెట్టాడు. రోజుకో పాట, దాని ఎంపీ3, కింద ఒకటి రెండు పేరాలు. అంతే. అదే ఏడాది స్టీరియోగమ్ వచ్చింది. 2003లో మాంట్రియల్ నుంచి సెడ్ ద గ్రామఫోన్, తర్వాత బ్రూక్లిన్ వీగన్, గొరిల్లా వర్సెస్ బేర్, అక్వేరియం డ్రంకర్డ్, ఇలా ఒకదాని వెనక ఒకటి. పాటను కొన్నాళ్లే ఉంచి తీసేసేవాళ్లు చాలామంది. నచ్చితే సీడీ కొనమనీ, హక్కుదారులు వద్దంటే వెంటనే తీసేస్తామనీ పక్కనే రాసేవాళ్లు.

పైకి చిన్న మార్పులా కనిపిస్తుంది కానీ రాసేవాళ్ల పనినే మార్చేసింది ఇది. పత్రిక కాలంలో పాఠకుడికి పాట వినపడదు. రివ్యూ చదివి, దాన్ని నమ్మి, డబ్బు పెట్టి రికార్డు కొనుక్కోవాలి. అప్పటిదాకా విమర్శకుడి మాటే అతనికి పాట. బ్లాగులో అలా కాదు. నీ వాక్యం చదువుతూనే పాట మోగించుకుంటాడు. నువ్వు లేనిది ఉన్నట్టు రాస్తే పది సెకన్లలో దొరికిపోతావు. కాబట్టి పాట ఎలా ఉందో చెప్పడంతో సరిపోదు, వింటున్న మనిషికి తను ఒక్కడే వింటే పట్టుకోలేనిది అందించాలి. సెడ్ ద గ్రామఫోన్‌లో షాన్ మైకేల్స్, ఆయన మిత్రులు చేసింది అదే. ఒక్కోసారి బ్యాండ్ వివరాలే ఉండవు. ఆ పాట వింటే మనసులో మెదిలే చిన్న కథలాంటిది ఉంటుంది. అలా రాస్తూ రాస్తూ ఆయన నవలాకారుడై 2014లో కెనడాలో పెద్దదైన గిల్లర్ బహుమతి అందుకున్నాడు. రోజుకో పాట గురించి రాయడం చిన్న పని అని నీకెవరైనా చెబితే నమ్మకు.

తర్వాత వచ్చిన కెరటం నీకు తెలిసే ఉంటుంది. 2004 సెప్టెంబరులో మాంట్రియల్ బ్యాండ్ ఆర్కేడ్ ఫైర్ మొదటి ఆల్బమ్‌కి పిచ్‌ఫోర్క్ అనే సంగీత రివ్యూల వెబ్‌సైట్ 10కి 9.7 మార్కులు ఇచ్చింది. దాన్ని విడుదల చేసిన మెర్జ్ రికార్డ్స్ ఒక బ్యాండ్ వాళ్లే 1989లో పెట్టుకున్న చిన్న లేబుల్. అంత గిరాకీ వాళ్లు ఊహించలేదు. మరుసటి ఏడాది క్లాప్ యువర్ హ్యాండ్స్ సే యే వచ్చింది. లేబులే లేదు. సొంతంగా సీడీలు చేయించుకుని, ఆర్డర్లు వస్తుంటే వాళ్లే ప్యాక్ చేసి పోస్టులో పంపారు. బ్లాగుల మాట, శ్రోతల మాట తప్ప వెనక ఎవరూ లేరు. బ్రిటన్‌లో ఆర్కిటిక్ మంకీస్ కచేరీలకు వచ్చినవాళ్లకి నమూనా పాటల (డెమో) సీడీలు ఊరికే పంచితే అభిమానులే వాటిని నెట్‌లో పెట్టారు. 2006 జనవరిలో వాళ్ల మొదటి ఆల్బమ్ వారంలో 3,60,000కు పైగా అమ్ముడైంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మాత్రం బోన్ ఇవేర్ సంగతి. ఆ పేరుతో పాడే జస్టిన్ వెర్నన్ అమెరికాలోని విస్కాన్సిన్ అడవిలో తండ్రికి చెందిన క్యాబిన్‌లో ఒక చలికాలమంతా ఉండి, తన గొంతునే పొరలు పొరలుగా రికార్డు చేసుకున్నాడు. 2007లో తనే 500 సీడీలు వేయించాడు. బ్లాగుల్లో రాసేవాళ్లు వాటిని విని, ఒకరికొకరు చెప్పుకుని, ఆ మాట జాగ్‌జాగ్వార్ అనే లేబుల్ దాకా వెళ్లింది. 2008లో ఆల్బమ్ మళ్లీ విడుదలైంది. 2012లో అతనికి గ్రామీ వచ్చింది. ఆ 500 కాపీల్లో ఒకటి చేతిలో పడ్డ మనిషి దాన్ని పక్కన పడేసి ఉంటే ఏమయ్యేదో నేను ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. ఆ సాధారణ శ్రోత చేసిన పనే నువ్వు చేయాలనుకుంటున్నది. అందుకే నీ మీద నాకింత ఆశ.

కానీ ఇదే కథకి రెండో వైపు కూడా నీకు తెలియాలి. ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ నుంచి బ్లాక్ కిడ్స్ అనే ఐదుగురి బ్యాండ్ 2007లో నాలుగు పాటల డెమో ఉచితంగా నెట్‌లో పెట్టింది. బ్లాగులు ఊగిపోయాయి. పిచ్‌ఫోర్క్ 8.4 ఇచ్చింది. ఆ పొగడ్త వేడిలోనే ఏడాది తిరగకుండా పూర్తి ఆల్బమ్ వచ్చింది. ఈసారి అదే పిచ్‌ఫోర్క్ 3.3 ఇచ్చింది. రివ్యూ అంటూ లేదు. రెండు కుక్కల ఫొటో, సారీ అనే ఒక్క మాట. అంతే! ఆ ఆల్బమ్‌లో లోపాలు ఉండొచ్చు, ఉన్నాయి కూడా. కానీ నలుగురికంటే ముందు భుజానికెత్తుకున్నవాళ్లు దించేటప్పుడు ఎందుకు దించుతున్నారో నాలుగు వాక్యాలైనా చెప్పొద్దా? ఆ బ్యాండ్ రెండో ఆల్బమ్ 2017లో గానీ రాలేదు. తొమ్మిదేళ్లు. ఆ రోజున వాళ్లను ఎత్తుకున్నవాళ్లలో దాన్ని విని రాసినవాళ్లు బహు తక్కువ.

నేను ఇలాంటి తప్పే చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. చాలా ఏళ్ల క్రితం ఒక చిన్న బ్యాండ్ మొదటి రికార్డును ఒక్కసారి విని, కొత్తదనం ఏమీ లేదని తీర్పు రాశాను. చురుకైన రాత అని చాలామంది మెచ్చుకున్నారు. రెండేళ్ల తర్వాత ఒక ప్రయాణంలో ఆ రికార్డు మళ్లీ తగిలింది. నాలుగో పాట దగ్గర ఏడుపొచ్చింది. దిగగానే వాళ్ల కోసం వెతికితే బ్యాండ్ విడిపోయిందని తెలిసింది. నా రాత వల్లే విడిపోయారని అనను, ఒక్క రివ్యూకి అంత శక్తి ఉండదు. కానీ వాళ్లు ఉన్నప్పుడు చెప్పాల్సిన మాట నేను చెప్పలేదు. ఆ అప్పు ఇంక తీరదు.

అందుకే నీకు నేను పెట్టే షరతు ఇది. ఏ బ్యాండ్ గురించైనా మొదట రాసేది నువ్వు కాకపోయినా పరవాలేదు. రాశాక మాత్రం రెండో ఆల్బమ్ దాకా ఉండు. బాగుంటే ఎందుకు బాగుందో, తగ్గితే ఎక్కడ తగ్గిందో మర్యాదగా చెప్పు. కొత్త పేరు కోసం పరుగెత్తేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. తిరిగొచ్చి మళ్లీ వినేవాళ్లకే ఎప్పుడూ కరువు.

ఇక నీ వ్యాసాల సంగతి. మొదటి దానిలో "మనసును మెలిపెట్టే స్వరం, మాయ చేసే గిటార్" అని ఉంది. ఈ వాక్యం తీసి నీ రెండో వ్యాసంలోని బ్యాండ్ పేరు కింద అతికించి చూడు. చక్కగా అతుక్కుంటోంది కదా? అలా అతుక్కునే ప్రతి వాక్యాన్నీ కొట్టెయ్. స్వరం మెలిపెట్టిందని నాకు చెప్పకు. ఆ అమ్మాయి పల్లవి చివరి మాటను పూర్తిగా పలకకుండా గాలిలో వదిలేస్తోంది, ప్రతిసారీ వదిలేస్తోంది, ఆఖరిసారి మాత్రం పలికింది. అది చెప్పు. గొంతు మైకుకి ఆనుకుని ఉందా, గది అవతల నుంచి వస్తోందా? డ్రమ్స్ ఎప్పుడు మొదలయ్యాయి, ఎప్పుడు ఆగాయి? ఇంట్లో రికార్డు చేస్తే కుర్చీ కిర్రుమన్న చప్పుడు కూడా మిగిలిపోతుంది, దాన్ని తీసేయకుండా ఉంచారంటే ఏదో కారణం ఉంటుంది. ఇవి కనపడాలంటే ఒక్కసారి వింటే చాలదు. హెడ్‌ఫోన్‌తో ఒకసారి విను, పని చేసుకుంటూ ఒకసారి విను, రెండు రోజులు వదిలేసి పాట ఎంత గుర్తుందో చూసుకుని మళ్లీ విను. గుర్తులేని చోట ఏముందో వెతుకు. చాలాసార్లు రాయాల్సింది అక్కడే దొరుకుతుంది.

ఫలానా బ్యాండ్‌లా ఉంది అనే పోలిక వ్యాసానికి ఒకటి చాలు. నువ్వు ఏడు వాడావు.

మార్కులు వేయకు. 2004లో ట్రావిస్ మారిసన్ అనే గాయకుడి సోలో ఆల్బమ్‌కి పిచ్‌ఫోర్క్ 10కి 0.0 ఇచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ సున్నాను తలుచుకునేవాళ్లున్నారు. దాని కింద ఏం రాశారో చెప్పగలిగేవాళ్లు నాకు తగల్లేదు. అంకె పక్కనుంటే వాక్యం చదవరు. నీ వాక్యాలు చదివించుకోవాలని నీకుంటే అంకె తీసెయ్.

పేరులేని బ్యాండ్ మొదటి రికార్డు నీకు నచ్చకపోతే ఊరుకో. అది పిరికితనమని కొందరంటారు, నేను ఒప్పుకోను. పెద్ద లేబుల్, పెద్ద ప్రచారం ఉన్నవాళ్లను ఎంత నిలదీసినా తట్టుకుంటారు. నలుగురు విన్న పాటను ఐదోవాడి దగ్గర తీసిపారేయడం వల్ల ఎవరికి మేలు?

డబ్బు గురించి సూటిగా చెబుతాను. నీ రాతకి కాస్త పేరు రాగానే, మా పాట గురించి రాస్తే ఇంత ఇస్తామని మెసేజ్‌లు వస్తాయి. తీసుకోకు. ఆ డబ్బు చాలాసార్లు ఆ కుర్రాళ్లు పార్ట్‌టైమ్ ఉద్యోగాలు చేసి కూడబెట్టింది అయ్యుంటుంది. ఉచితంగా టికెట్ ఇచ్చారా, బ్యాండ్‌లో నీ స్నేహితులున్నారా, ఆ సంగతి మొదటి పేరాలోనే పాఠకుడికి చెప్పెయ్. చెప్పాక ఎంత మెచ్చుకున్నా తప్పులేదు.

పాటను బ్యాండ్‌ని అడక్కుండా ఎక్కడా పెట్టకు. 2010 ఫిబ్రవరిలో గూగుల్ తన బ్లాగర్ వేదిక నుంచి కొన్ని పేరున్న మ్యూజిక్ బ్లాగులను కాపీరైట్ ఫిర్యాదుల మీద పూర్తిగా తొలగించింది. ఏళ్ల తరబడి రాసుకున్నది ఒక్కసారిగా పోయింది. పెట్టమని తమకు పాటలు పంపింది ఆ లేబుళ్ల ప్రచారం చూసుకునేవాళ్లేనని కొందరు మొత్తుకున్నారు. దీంట్లో నీకు రెండు జాగ్రత్తలున్నాయి. అనుమతి రాతపూర్వకంగా ఉంచుకో. నీ వ్యాసాల కాపీ నీ దగ్గర వేరుగా దాచుకో. పాఠకుణ్ణి బ్యాండ్ సొంత పేజీకి పంపు. బ్యాండ్లు తమ పాటలు నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైటులో ఎవరైనా డిజిటల్ ఆల్బమ్ కొంటే ఆ కంపెనీ తీసుకునే వాటా మామూలుగా 15 శాతమే. అక్కడ పదిమంది కొన్నా వాళ్లకు గిటార్ తీగల ఖర్చయినా వస్తుంది.

ఇప్పుడు స్ట్రీమింగ్ యాప్‌లే కొత్త పాటలు వినిపిస్తుంటే నా రాత ఎవరికి కావాలి అని అడిగావు. నిజమే, 2011లో స్పాటిఫై అమెరికాకి వచ్చాక పాట కోసం బ్లాగుకి వెళ్లాల్సిన అవసరం పోయింది. అప్పటి బ్లాగుల్లో చాలా మూతపడ్డాయి. పిచ్‌ఫోర్క్‌ని 2015లో కాండే నాస్ట్ అనే పెద్ద పత్రికల కంపెనీ కొంది, 2024లో జీక్యూ పత్రికలో కలిపేసి చాలామందిని తీసేసింది. ఇవన్నీ నన్ను బాధపెట్టాయి, దాచను. అయినా యాప్ చేసేది వరసలో తర్వాతి పాట వేయడం. అయిపోయిన పాటనే ఎందుకు మళ్లీ వినాలో అది చెప్పదు. జాన్ పీల్ ఆ రాత్రి అదే పాట రెండోసారి వేసినప్పుడు, విన్నవాళ్లు రేడియో దగ్గరికి జరిగి ఉంటారు. ఇందులో ఏదో ఉంది, మనం మొదటిసారి వదిలేశాం అనుకుని ఉంటారు. నీ రాత ఒక్క మనిషిని అలా దగ్గరికి జరపగలిగితే నీ పని అయినట్టే.

నీ మూడో వ్యాసం మూడింటిలోకీ బాగుంది. ఆ బ్యాండ్ రెండో పాటలో రెండు నిమిషాలు దాటాక వాయిద్యాలన్నీ ఆగిపోయి గొంతు ఒక్కటే మిగులుతుంది. అప్పుడు వెనక ఎవరో సన్నగా నవ్వుతారు. నాలుగోసారి విన్నప్పుడు గానీ నాకది వినపడలేదు. నీ వ్యాసంలో ఆ నవ్వు లేదు. ఈ రాత్రి ఆ పాట మళ్లీ విను. నవ్వింది ఎవరో, దాన్ని ఎందుకు ఉంచేశారో వాళ్లకే రాసి అడుగు. జవాబు వచ్చాక వ్యాసం తిరగరాసి పంపు. ఈసారి వారం పట్టదు, వచ్చిన రోజే చదువుతాను.

ప్రేమతో,
మీ అక్కయ్య