పశువుల డాక్టరుకు జాబు: పిడుదులో చూసేదేముంది?

ప్రశ్న: డాక్టరు సార్‌కు నమస్కారం. మాది కళ్యాణదుర్గం పక్కన పల్లె. రెండు నాటావులు, ఒక జెర్సీ ఉన్నాయి. మూడిటికీ పిడుదులు పట్టినాయి. నాటావులు బాగానే మేస్తాండాయి. జెర్సీకి మాత్రం జొరమొచ్చి, మెడ దగ్గర గడ్డలు లేసి కూలబడింది. సూదులేయిస్తే లేచింది. మా అత్త దినామూ పొద్దున్నే పిడుదులు ఏరి గోటితో చిదుముతాది. ఇంటర్ చదివే మా పాప 'ఈటి మీద సైంటిస్టులు యేండ్లకేండ్లు పరిశోధన చేస్తారంట' అంటే మా అత్త ఒకటే నగడం. పిడుదులో అంత చూసేదేముంది సార్? నాటావుకు రానిది జెర్సీకే ఎందుకొచ్చింది?
– ఒక రైతు మహిళ, అనంతపురం జిల్లా

జవాబు: ముందు మీ అత్తగారికి నా నమస్కారం చెప్పమ్మా. ఆమె చేసే పనితోనే ఈ పరిశోధన మొదలైంది.

అమెరికాలో దక్షిణం నుంచి తోలుకొచ్చిన పశువులు చూసేదానికి నిక్షేపంగా ఉండేవి. అవి మేసిన బీట్లో ఉత్తరాది పశువులు మేస్తే మాత్రం కొన్ని వారాలకు జ్వరమొచ్చి, మూత్రం ఎర్రబడి చచ్చేవి. ఇది పిడుదుల పనేనని పశువులు కాసేవాళ్లు అంటే చదువుకున్నవాళ్లు నవ్వినారు. థియోబాల్డ్ స్మిత్ అనే శాస్త్రవేత్త మాత్రం నవ్వలేదు. 1889లో ఆయన, కిల్బోర్న్ అనే పశువైద్యుడు వాషింగ్టన్ దగ్గర కంచెలు వేయించినారు. ఒక దాంట్లో పిడుదులున్న దక్షిణాది పశువులు. ఇంకోదాంట్లో అవే పశువులు, కానీ పిడుదులన్నీ చేత్తో ఏరేసినవి. రెండింట్లోకీ ఉత్తరాది పశువులను వదిలితే పిడుదులున్న కంచెలోవే జబ్బు పడినాయి. దక్షిణాది పశువే లేకుండా ఉత్త పిడుదులు చల్లిన చోటా జబ్బు వచ్చింది. 1893లో అంతా అచ్చు వేసినారు. మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది 1897లో. పిడుదు అంతకు నాలుగేండ్ల ముందే దొరికిపోయింది.

అన్ని వారాలు ఎందుకు పట్టేదంటే, ఆ జాతి పిడుదు ఒకే ఆవు మీద పెరిగి, రక్తం తాగి రాలిపోతుంది. దాని పిల్లలు ఇంకో ఆవును పట్టుకుంటాయి. తల్లి తాగిన క్రిమి గుడ్లలోకి దిగుతుంది.

ఉద్యోగంలో కొత్తగా ఉన్నప్పుడు నేనూ ఒక దాన్ని హోమియో మందుల సీసాలో వేసి పెట్టినాను. రక్తం తాగి అచ్చం ఆముదం గింజలా ఉండింది. (ఆముదం చెట్టు శాస్త్రీయ నామం రిసినస్. లాటిన్‌లో ఆ మాటకు అర్థం పిడుదే!) నాలుగు దినాలకు గసగసాల కుప్పలా గుడ్లు. ఒక్కటే రెండు వేలకు పైన పెట్టగలదు. పెట్టి పెట్టి తల్లి ముడుచుకొని చచ్చింది. మూడు వారాలకు సీసా నిండా కదిలే దుమ్ము. భూతద్దంలో చూస్తే ఆరే కాళ్లు, పెద్దయినాకే ఎనిమిది. మూత తీసి ఊదితే అన్నీ ముందుకాళ్లు పైకెత్తి తడుముకున్నాయి. మన ఊపిరిని పసిగట్టేది ఆ కాళ్లతోనే. ఆ రాత్రి నాకు ఒళ్లంతా పాకినట్టే ఉండింది.

ఇక మీ జెర్సీ. గడ్డలు లేసినాయంటే అది థైలేరియా కావచ్చు. స్మిత్ చూసింది బబీసియా, ఇది వేరే క్రిమి, వేరే పిడుదు. ఆ పిడుదు కొట్టం గోడ పగుళ్లలో దాక్కుంటుంది. నాటు దూడలు చిన్నప్పుడే దాన్ని చవిచూసి తట్టుకుంటాయి. సంకరజాతికి ఆ అలవాటు లేదు. కాబట్టి మందు ఆవుకు పూస్తే చాలదు, పగుళ్లు పూడ్చి గోడలకూ కొట్టాలి. మందు ఏది, నీళ్లలో ఎంత అనేది మీ పశువైద్యశాలలో అడిగే కలుపుకోండి. థైలేరియాకు టీకా ఉంది, దూడ పుడితే మర్చిపోవద్దు. కొట్టంలో నాలుగు కోళ్లను వదిలితే అవి కొన్ని ఏరుకు తింటాయి.

అత్తగారు ఏరడం మంచిదే. గోటితో చిదమడం మాత్రం ఈ పొద్దే మాన్పించండి. గుజరాత్‌లో 2011లో మనుషుల ప్రాణాలు తీసిన క్రిమియన్ కాంగో జ్వరం పశువుల పిడుదుల నుంచి వచ్చేదే, చిదిమిన రక్తంతోనూ అంటుతుంది. చేతికి ప్లాస్టిక్ కవర్ తొడుక్కొని, కిరసనాయిలు డబ్బాలో వేయమనండి. ఆవుకు మాత్రం కిరసనాయిలు పూయొద్దు, తోలు కాలుతుంది.

ప్రశ్న: స్క్రబ్ టైఫస్ పిడుదుల వల్లేనా? మనిషిని పట్టిన పిడుదును ఎలా తీయాలి?
– డిగ్రీ విద్యార్థి, ప్రొద్దుటూరు

జవాబు: కాదు నాయనా. అది చిగ్గర్ అనే నల్లి పిల్ల పని (మంచంలో ఉండే నల్లి కాదు), కంటికి ఆనదు. కుట్టిన చోట చాలామందికి సిగరెట్టుతో కాల్చినట్టు నల్లమచ్చ పడుతుంది. మన పక్క కర్ణాటకలో, 1957లో షిమోగా అడవుల్లో కోతులు చచ్చి బయటపడిన క్యాసనూర్ జ్వరం మాత్రం పిడుదులదే.

తీసేదానికి సన్న పట్టుకారు చాలు. చర్మానికి ఆనించి పట్టుకొని, తిప్పకుండా, నిదానంగా నేరుగా లాగు. అగ్గిపుల్ల, సున్నం, నూనె ఏవీ వద్దు, ఆ చిరాకులో అది లోపలున్నది కక్కవచ్చు. సబ్బుతో కడుక్కొని, క్యాలెండర్లో ఆ తేదీ మీద గీత పెట్టు. రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే డాక్టరుకు ముందు ఆ గీత సంగతి చెప్పు.